ఒంటరి యంత్రానికి పెద్దదిక్కు

తలుపు ‘టక్’మని పడింది, తెర కొయ్యబారింది, బావా మరదళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కిందటి వారం వాళ్ళను మనం వదిలిపెట్టింది అక్కడే. పాపం, వారం పొడుగునా అలా చూసుకుంటూనే నిలబడి ఉన్నారు. ఇక కదిలిద్దాం.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకు రెండు ముక్కలు చెప్పుకోవాలి. ఆ మరదలు కంపెనీలో వాడుక పత్రాలు రాసే మనిషి. ఏ బటను ఎప్పుడు నొక్కాలో, ఏ గడిలో ఏం నింపాలో సరుకు కొనుక్కున్నవాళ్ళకు తెలిసేట్టు రాసిపెట్టడం ఆమె ఉద్యోగం. ఆఫీసంతా ఆమెను రాతలమ్మ అంటుంది. బావ, అంటే ఆమె అక్క మొగుడు, అక్కడే నెట్‌వర్కు ఇంజనీరు. అక్క కూడా అక్కడే. తయారైన పేజీలను బయటికి పంపే సీటు ఆమెది.

ఆ కంపెనీ అమ్మేది వర్చువల్ మెషీన్లు. అంటే ఒక పెద్ద కంప్యూటరు కడుపులో ఇంకో కంప్యూటరు వేషం కట్టి కూర్చుంటుంది. వేషం ఎంత బాగా కుదురుతుందంటే, తాను వేషమన్న సంగతి దానికే తెలియదు. వీటిలో గుంపుగా ఉండేవి కొన్ని. వాటిమీద ఒక పెద్ద యంత్రం కూర్చుని ఎవరి చిరునామా ఏమిటో, ఎవరు ఏ దారిన బయటికి వెళ్ళాలో చూసుకుంటుంది. ఎవరి అజమాయిషీ లేకుండా విడిగా బతికేవి ఇంకొన్ని. వాటిని ఒంటరి యంత్రాలంటారు. వాటికి నెట్‌వర్కు చిరునామా మార్చాలంటే మనిషే కూర్చుని చేత్తో మార్చాలి. ఎలా మార్చాలో చెప్పే పేజీ పరమ అధ్వాన్నంగా ఉందని కొన్నవాళ్ళందరూ మొత్తుకుంటే, రాతలమ్మ దాన్ని కొత్తగా రాసింది.

రాస్తే సరిపోదు, నడవాలి. అది ఆ ఆఫీసు ఆచారం. పేజీ రాసిన మనిషి అద్దాల గదిలోకి వెళ్ళి, అన్నీ మరిచిపోయినట్టు కూర్చుని, తను రాసిన పేజీలో ఉన్నది ఉన్నట్టు చేసుకుంటూ పోవాలి. ఫోను బయట ట్రేలో పెట్టాలి. వివరాలు చెప్పిన ఇంజనీరు మూల కుర్చీలో మూగసాక్షిగా ఉండాలి. బయటివాళ్ళయితే లోపలివాళ్ళు ఎంత మొత్తుకున్నా సాయం చేయకూడదు, సైగ చేయకూడదు, అసలు అటు చూడకూడదు. ఒకసారి ఒకాయన గదిలో ఉండగా ఎక్కిళ్ళు పట్టుకుని, అద్దాలు అదిరి, మూడో అంతస్తులో గోడ గడియారం కిందపడిందట. అయినా గుక్కెడు నీళ్ళిచ్చినవాడు లేడట. పేజీ పూర్తిచేసి బయటికొచ్చి తాగాడట. చూసినవాళ్ళు చెప్పారు. వాళ్ళూ చూడలేదనుకోండి, చూడకూడదు కదా!

పైగా పెద్ద మేనేజరుగారు ‘మన సరుకు మీద మనకే నమ్మకం లేకపోతే ఎలా?’ అని ఆ గది తలుపు తాళాన్ని కూడా ఎదుటి హాల్లో ఉన్న ఒక ఒంటరి యంత్రానికే అప్పగించారు. రాతలమ్మ చిరునామా మార్చింది ఆ యంత్రానికే. పేజీలో రాసుకున్నట్టే కొత్త చిరునామా నింపి, ‘అమలు’ బటను నొక్కింది. యంత్రం కొత్త చిరునామాకు మారిపోయింది. పాత చిరునామాతో దాన్ని పట్టుకుని ఉన్న తెరా తెగిపోయింది, తాళమూ దానితో తెగి బిగుసుకుపోయింది.

“కంగారు పడకు,” అన్నాడు బావ, కుర్చీలో వెనక్కి వాలి. “దానంతటదే వెనక్కొస్తుంది.”

“మూగసాక్షి మాట్లాడొచ్చా?”

“తలుపు పడ్డాక సాక్షి ఏమిటి, ముద్దాయి ఏమిటి! కూర్చో. కొత్త చిరునామా పెట్టి, ‘సరే, బాగానే ఉంది’ అని ఎవరూ చెప్పకపోతే, కాసేపు చూసి పాత చిరునామాకు తిరిగొచ్చేస్తుంది. ఆ ఏర్పాటు నేనే చేశాను.”

రాతలమ్మ కూర్చోలేదు. ఆ గదిలో ఒకటే బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, పైన సన్నగా గీపెడుతున్న ట్యూబులైటు. ఏసీ కూడా ఆ యంత్రం మాటే వినేదేమో, అదీ ఆగిపోయింది. అద్దం అవతల మనుషులు ఫైళ్ళు పట్టుకుని నడుస్తున్నారు, నవ్వుకుంటున్నారు, కాఫీ తాగుతున్నారు. ఒక్క చప్పుడూ లోపలికి రాదు. చేపల తొట్టిలోంచి ఊరిని చూస్తున్నట్టుంది ఆమెకు.

“ఎంతసేపటికి వస్తుంది?”

“వస్తుందిలే.”

“బావా, షిఫ్టు మారగానే అక్క ఈ పేజీ బయటికి పంపేస్తుంది.”

ఆ మాటతో బావ కుర్చీ ముందుకాళ్ళు నేలమీదికి దిగాయి. షిఫ్టు మారగానే పేజీ ఎవరి చేతికి వెళుతుందో అతనికీ తెలుసు. అక్కాచెల్లెళ్ళకు ఒక్కడే తమ్ముడు. ఊరి నీళ్ళ సరఫరాలో పని. కొండమీద ట్యాంకు వాల్వులు తిప్పేది ఒక ఒంటరి యంత్రం, కింద ఆఫీసులో కూర్చుని దాన్ని చూసుకునేది వాడు. వానలకు కొండదారి కొట్టుకుపోయింది, పైకి మనిషి వెళ్ళే వీలు లేదు. పాత నెట్‌వర్కు లైను రేపు పీకేస్తారు కనుక ఆ యంత్రం చిరునామా ఈ సాయంత్రం మార్చి తీరాలి. ఇదివరకు ఒకసారి వాడి పొరపాటు వల్ల ఊరికి నీళ్ళు ఆగాయి. ఇంకొక్కసారి ఆగితే ఉద్యోగం ఊడుతుందని పై అధికారి మొహంమీదే చెప్పాడు. ఆ ఉద్యోగం పట్టుబట్టి ఇప్పించింది చిన్నక్క రాతలమ్మ. వాడి తలకు మించిన పని, వద్దన్నది పెద్దక్క. నీళ్ళు ఆగిన రోజునుంచీ అక్కాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. అద్దానికి ఎదురుగానే అక్క సీటు. కానీ కుర్చీ అటు తిప్పుకుని కూర్చుంటుంది. ఇప్పుడూ ఆమె వీపే కనబడుతోంది, దానిమీద బిగించి వేసిన జడ.

“నీ ఏర్పాటు ఇంకా రాలేదు,” అంది రాతలమ్మ.

“వస్తుందన్నానా?”

“వెనక్కి ఎవరు తెస్తారు దాన్ని?”

“ఎవరేమిటి? పెద్ద యంత్రం చూస్తూ ఉంటుంది. కిందివాడు పలకడం లేదంటే చెవి పట్టుకుని పాత చోటికి లాక్కొస్తుంది.”

“ఏ పెద్ద యంత్రం?”

“గుంపు మీద ఉండే...” అని బావ ఆగాడు.

“ఇది ఒంటరిది బావా,” అంది ఆమె మెల్లగా. “దీనికి పెద్దదిక్కు ఎక్కడుంది?”

బావ లేచాడు. తలుపు దాకా వెళ్ళాడు. చెయ్యి పెట్టి లాగాడు. భుజం ఆనించి తోశాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు. అంత పొడుగు మనిషీ కుర్చీలో సగానికి సగం తగ్గిపోయాడు.

“అయితే ఇక రాదా?” అంది ఆమె.

“రాదు.”

“ఎప్పటికీ?”

“ఎవరైనా హాల్లోకి వెళ్ళి, దాన్ని కడుపులో పెట్టుకున్న కంప్యూటరు ముందు కూర్చుని చేత్తో మారిస్తే తప్ప.”

“మరి నాకు చెప్పినప్పుడు ఈ మాట ఏమైంది?”

“నేనెప్పుడూ హాల్లో దాని ముందే కూర్చుని చేస్తాను. అక్కడ కొత్త చిరునామా పెడితే ఏమీ తెగదు. దూరం నుంచి నేనెందుకు చేస్తాను?”

“కొన్నవాళ్ళంతా దూరం నుంచే కదా చేసేది!”

“నువ్వు మాత్రం? గుంపు యంత్రాల పేజీ ఎత్తి తెచ్చుకుని, గుంపు అని ఉన్నచోటల్లా ఒంటరి అని మార్చుకున్నావు. నాకు తెలియదనుకున్నావా?”

“అలా చెయ్యమన్నది ఎవరు? ‘అన్నీ అవే మెట్లు మరదలా, పేరు మారిస్తే చాలు’ అని కాఫీ కప్పు ఊపుకుంటూ చెప్పింది ఎవరు?”

“చెప్పాను. బుద్ధి తక్కువై చెప్పాను. రాసేవాళ్ళకు ఒక్క అనుమానమైనా రావాలా వద్దా?”

“వచ్చింది! అడగబోయాను. అప్పటికే నువ్వు కప్పు కడుక్కుంటున్నావు!”

తిట్టుకోవడానికి గాలి కావాలి, ఆ గదిలో అది కొంచెం కొంచెంగా వేడెక్కుతోంది. ఆమె పైటకొంగుతో మెడ తుడుచుకుంది.

“మంట వస్తే తెరుచుకుంటుంది,” అన్నాడు బావ.

“ఏది?”

“తలుపు. మంటల అలారం మోగితే ఏ యంత్రాన్నీ అడక్కుండా తెరుచుకుంటుంది.”

“అయితే అంటించు.”

“లైటరు బయట ట్రేలో ఉంది.”

“సిగరెట్లు మానేశానని అక్కతో చెప్పావుగా?”

“లైటరు మానేశానని చెప్పలేదు.”

ఇంకొకప్పుడైతే ఆమె పడీపడీ నవ్వేదే. ఇప్పుడు అద్దం దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో బాదింది. అకౌంట్సు పెద్దాయన అటే వస్తున్నాడు. ఆయనను చూసి చేతులు ఊపింది, తలుపు చూపించింది, దండం పెట్టింది. పెద్దాయన కళ్ళలో జాలి కనబడింది. ఆ వెంటనే ఆచారం గుర్తొచ్చింది. చేతిలో ఉన్న ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుని, ఎంతో నియమంగా నడిచి వెళ్ళిపోయాడు.

బావ ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి అద్దానికేసి కొట్టాడు. కుర్చీ కాలు విరిగింది. అద్దం మాత్రం అతని మొహాన్ని అతనికే చూపించింది. బయట ఇద్దరు మనుషులు ఉలిక్కిపడి, ‘పేజీ చాలా కష్టంగా ఉన్నట్టుంది’ అన్నట్టు తలలాడించుకుని, చూసినందుకు సిగ్గుపడి తల దించుకుపోయారు.

ఎంత గట్టిగా మొత్తుకుంటే అంత గట్టిగా మొహం తిప్పుకుంటారు. ఈ నియమం పెట్టాలని మీటింగులో పట్టుబట్టినవాళ్ళలో రాతలమ్మ గొంతే ముందు లేచింది.

ఆమె బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. గదిలోకి అనుమతి ఉన్న సామాను రెండే: అచ్చువేసిన పేజీ, తప్పులు గుర్తుపెట్టుకునే ఎర్ర పెన్సిలు. పేజీ ముందుకు లాక్కుంది.

“చెప్పు బావా. దూరం నుంచి చేసే మనిషి ముందుగా ఏం చూసుకోవాలి?”

“ఇప్పుడా?”

“ఇంకేం పనుంది నీకు?”

బావ విరిగిన కుర్చీని గోడకానించి దానిమీద జాగ్రత్తగా కూర్చున్నాడు. “ముందు, ఆ యంత్రం దగ్గరికి వెళ్ళి కూర్చోగల మనిషి ఎవరైనా ఉన్నారా అని చూసుకోవాలి. లేకపోతే చెయ్యకూడదు.”

“చెయ్యక తప్పదు. దారి కొట్టుకుపోయింది. అప్పుడు?”

“అప్పుడు...” ఈసారి బావ కళ్ళు మూసుకున్నాడు. మామూలుగా అతను ఆలోచించకుండానే జవాబు చెప్పే మనిషి. “పాత చిరునామా తీసేయకూడదు. దాన్ని ఉంచి, దాని పక్కనే కొత్తది కలపాలి. ఒకే యంత్రానికి రెండు ఉండొచ్చు. గేట్‌వే కూడా అప్పుడే నింపాలి, తర్వాతి మెట్టులో కాదు.”

“గేట్‌వే అంటే ఆ యంత్రం బయటికొచ్చే వాకిలి. అలా రాయనా?”

“రాయి. తర్వాత కొత్త చిరునామాతో ఒకసారి లోపలికి వెళ్ళి చూడాలి. వెళ్ళగలిగితేనే పాతది తీసెయ్యాలి.”

“అంటే కొత్త వంతెన మీద ఒకసారి నడిచాకే పాత వంతెన కూల్చాలి.”

“అదీ!” అన్నాడు బావ. “ఇంత చిన్న ముక్క.”

ఎర్ర పెన్సిలు గబగబా నడిచింది. ‘అమలు’ అన్న మాట మీద అడ్డంగా గీత పడింది. పక్కన మార్జినులో ఆమె రాసింది: ‘మీరు యంత్రం ముందు కూర్చుని లేకపోతే ఇక్కడ ఆగండి. ఒంటరి యంత్రాన్ని వెనక్కి తెచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు.’ రాసి, దానిని చూస్తూ ఉండిపోయింది. ఆ ఉద్యోగంలో ఆమె ఇన్నాళ్ళూ రాసిన వాక్యాల్లో ఇంత నిజమైనది ఇంకోటి లేదనిపించింది. అది ఈ గదిలో తప్ప ఎక్కడా లేదు. అద్దం అవతల, అక్క తెరమీద, పాత పేజీయే ముస్తాబై కూర్చుంది.

బయట ఒక్కొక్కరే సంచులు సర్దుకుంటున్నారు. సాయంత్రం షిఫ్టు వాళ్ళు వరండాలో కనబడుతున్నారు.

“అక్క ఇటు చూడాలి,” అంది.

“చూడదు. నిన్ను ఏడిపించడానికైనా చూడదు.”

“నీకోసం?”

“నాకోసం అసలు చూడదు.” బావ లేచి, అద్దంలోంచి భార్య వీపునూ, ఆమె ఎదుట ఉన్న తెరనూ పరీక్షగా చూశాడు. “కానీ ఆ తెర మెరుస్తుంది చూడు, అందులో మనం కనబడుతుంటాం. మీ అక్క ఎవరైనా ఏడుస్తుంటే అటు చూడదు, చూస్తే మెత్తబడాలని భయం. తనను తప్పించి ఇద్దరు నవ్వుకుంటుంటే మాత్రం ఊరుకోలేదు. మన పెళ్ళిలో గుర్తుందా?”

“నీ పెళ్ళి. నాది కాదు.”

“సరే, నా పెళ్ళి. నువ్వూ నేనూ పీటల దగ్గర దేనికో నవ్వాం. ఇప్పటికీ అడుగుతుంది దేనికని.”

“దేనికి బావా?”

“నాకూ గుర్తులేదు. అదే చెబితే నమ్మదు. నవ్వు.”

“నవ్వు రావడం లేదు.”

“నాకు మాత్రం వస్తోందా? నవ్వు మరదలా!”

అద్దానికి బాగా దగ్గరగా నిలబడి ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. బావ పొట్ట పట్టుకున్నాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వేలు పెట్టి అక్క జడ చూపించింది. ముందు బొత్తిగా గొంతులోంచి రాని నవ్వు. కాసేపటికి నిజంగానే వచ్చింది, దానితో పాటే కన్నీళ్ళూ వచ్చాయి. ఏది ఏదో తెలియని స్థితిలో ఆమె బావ మోచెయ్యి పట్టుకుని ఊగిపోయింది. మెడలో చెమట కారుతోంది. బావ చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

అవతల జడ కదిలింది.

కుర్చీ కొంచెం తిరిగింది, ఆగింది, ఇంకొంచెం తిరిగింది. అక్క మొహం ఇటు వచ్చింది. కళ్ళలో నిప్పులు. ‘ఏమిటా నవ్వు?’ అన్నది పెదవుల్లో స్పష్టంగా కనబడింది.

రాతలమ్మ నవ్వు ఆపి, పేజీ వెనక్కి తిప్పి, ఎర్ర పెన్సిలుతో పెద్ద అక్షరాలు రాసి అద్దానికి అదిమింది. ‘పేజీ తప్పు. పంపకు. తమ్ముణ్ణి ఆపు.’

అక్క దగ్గరికొచ్చింది. చదివింది. ఆచారాన్ని కాలితో తన్నేసి అంత దగ్గరగా అద్దానికి మొహం ఆనించి చదివినవాళ్ళు ఆ ఆఫీసులో ఇంకొకరు లేరు. చదువుతుండగానే ఆమె కళ్ళలో నిప్పులు ఆరిపోయి, ఇంకేదో వచ్చింది. చెల్లెలు దాన్ని గుర్తుపట్టింది. చిన్నప్పుడు తమ్ముడు నడవడం నేర్చుకుంటూ గడప దగ్గర తూలినప్పుడు అక్క మొహంలో అదే చూసింది.

“పంపలేదుగా ఇంకా?” అని అరిచింది రాతలమ్మ, వినబడదని తెలిసీ.

అక్క వెనక్కి తిరిగింది. సీటు దగ్గరికి పరుగెత్తి ఫోను తెచ్చింది. నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. నిలబడింది. అవతల మోగుతున్నట్టుంది, ఎత్తుతున్నట్టు లేదు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ నిలబడింది. ఆ తర్వాత ఆమె చెయ్యి కిందికి జారింది. మెల్లగా ఆ ఫోను తెర ఇటు తిప్పి అద్దానికి ఆనించింది.

బావా మరదళ్ళు తలలు ఆనించి చదివారు.

తమ్ముడి దగ్గర్నుంచి వచ్చింది పైన ఉంది. ‘పెద్దక్కా, నువ్వు పొద్దున్నే నాకు ముందుగా పంపిన పేజీ చూసే చేస్తున్నాను. అన్నీ నింపేశాను. ఇక అమలు నొక్కాలి. నొక్కనా?’

కింద అక్క జవాబు ఉంది. చెల్లెలితో ఇన్నాళ్ళూ ఒక్క మాట మాట్లాడని అక్క రాసిన జవాబు.

‘చిన్నక్క రాసింది రా అది. కళ్ళు మూసుకుని నొక్కు.’

దాని కింద వాడి దగ్గర్నుంచి ఇంకేమీ రాలేదు.